పెరటి వసారాలో మూడు రోజులు

నెలకి మూడు రోజులు ఆడదానికి సెలవివ్వాలన్న ఆలోచన ఆ రోజుల్లో ఏ కంపెనీకీ రాలేదు, ఏ యూనియనూ అడగలేదు. ఇచ్చినవాళ్ళు మన ముసలమ్మలే. అదీ సెలవని ఇవ్వలేదు, మైల అని చెప్పి వెనక వసారాలోకి తరిమారు. తరిమితే తరిమారు, భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ సెక్టర్ సిక్స్‌లో తెలుగు ఆడవాళ్ళు ఆ వసారాలోనే కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు, కడుపారా నవ్వుకున్నారు. ఆచారం మంచిదా చెడ్డదా అని వాదించేవాళ్ళు వాదించుకోండి, ఎవరు కాదన్నారు. సూర్యావతిని అడిగితే మాత్రం తన కాపురంలో తనవని చెప్పుకోదగ్గ రోజులు అవేనంటుంది.

సూర్యావతి మొగుడు సత్యారావు నెల్లిమర్ల గోనెసంచుల మిల్లులో పని వదులుకుని, భిలాయిలో మొదటి కొలిమి వెలిగిన ఏడే వచ్చి ఫర్నేసులో చేరాడు. అప్పటికి సెక్టర్లో చెట్టన్నది లేదు. ఎర్రమట్టి, వరసగా క్వార్టర్లు. అన్నీ ఒక్కలాగే ఉండేసరికి నైట్ షిఫ్టు దిగిన మగాళ్ళు పోల్చుకోలేక పక్కింటి తలుపు కొట్టేవాళ్ళు. ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కాషాయం తిరిగేది. షిఫ్టు మారే భోంపూ మోగిందంటే రోడ్డంతా సైకిళ్ళే. సూర్యావతి విజయనగరం నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన జామమొక్కని పెరట్లో నాటితే, ఈ మట్టిలో ఇదేం బతుకుతుందని లైన్లో అందరూ నవ్వారు. అది శుభ్రంగా బతికింది, కాయలు కూడా కాసింది. ఆ నవ్వినవాళ్ళే తరవాత కాయలకి వచ్చేవారు.

పక్క క్వార్టరు కుసుమది. ఆమె మొగుడు సుబ్రహ్మణ్యం డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగి, నోట్లో నాలుక లేని మనిషి. కుసుమ విశాఖపట్నంలో స్కూలు ఫైనల్ దాకా చదివింది, హిందీ గడగడా మాట్లాడేది. సూర్యావతికన్నా పదిహేనేళ్ళు చిన్న. తల్లి ముఖం ఎరగదు. దిగిన వారంలోనే సూర్యావతిని 'అప్పా' అంది. వాళ్ళ వైపు అక్కని అలాగే పిలుస్తారు. సొంత చెల్లెళ్ళు కూడా ఆ మాట అంత ప్రేమగా అనలేదని సూర్యావతికి అనిపించింది. రెండు పెరళ్ళకీ మధ్య గోడ ఉండేది. ఇద్దరూ కూడబలుక్కుని ఒక్కొక్క ఇటుకే లాగేసి అందులో మనిషి పట్టేంత సందు చేశారు. ఎవరైనా అడిగితే వానకి జారిపోయాయని చెప్పేవారు.

మామూలు రోజుల్లో ఆ సందులోంచి చింతపండూ పంచదారా వెళ్ళేవి గానీ మనుషులు వెళ్ళి కూర్చునే తీరిక ఎక్కడిది? నల్లా వచ్చే వేళకి నీళ్ళు పట్టుకోవాలి, బొగ్గులపొయ్యి రాజెయ్యాలి, షిఫ్టు వేళకి కేరేజీ కట్టాలి. ఊరికే కూర్చుంటే ఏదో దొంగతనం చేసినట్టుండేది. ఆ మూడు రోజులు మాత్రం పొయ్యి ముట్టకూడదు, బిందె ముట్టకూడదు, మొగుణ్ణీ పిల్లల్నీ ముట్టకూడదు. ముట్టుకోవచ్చునంటే బయట ఉన్న మరో ఆడదాన్నే. దగ్గరగా మసిలే ఆడవాళ్ళకి తేదీలు కూడా కలుస్తాయంటారు, వీళ్ళిద్దరికీ కలిశాయి. ఫ్యాక్టరీ ఊరు కదా, కుసుమ దానికి 'ఆఫ్' అని పేరు పెట్టింది. అప్పా, ఈవేళ నాకు ఆఫ్ అని సందులోంచి చెప్పేది. ఆ మాట లైనంతా పాకింది.

జామచెట్టు నీడ వసారా మీద పడేది. చాప పరుచుకుని ఇద్దరూ చింతగింజలతో వామనగుంటలు ఆడేవారు. ఆట విసుగెత్తితే కుసుమ సూర్యావతి ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేది. సూర్యావతి ఆమె జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి లేని పేలు చూస్తూ, పైడితల్లి అమ్మవారి తీర్థం గురించీ, పెళ్ళికి ముందు తనని చూసిపోయిన ఒక కంసాలి కుర్రాడి గురించీ చెప్పేది. ఆ కుర్రాడి సంగతి సత్యారావుక్కూడా తెలియదు. వంట సత్యారావుదే, రెండిళ్ళకీ. ఇనుము కరిగించే చేతికి పప్పు ఉడకదా అని బోర విరుచుకునేవాడు. ఉడికేది కాదు. అయినా ఒకరు వండి పెట్టిన అన్నం కదా, సూర్యావతికి అది అమృతంలాగే ఉండేది.

ఆ నవ్వులు సహించలేనిది ఒక్క గున్నమ్మే. సత్యారావుకి వరసకి మేనత్త, ఎదురు లైన్లో కొడుకు దగ్గర ఉండేది. ఆమెకి ముట్లుడిగి ఎన్నేళ్ళో అయింది. అప్పటినుంచీ కొడుకూ కోడలూ మనవలూ అందరికీ నెలకి ముప్ఫై రోజులూ ఆవిడే వండి వార్చేది. కోడలు బయట చేరితే రెండు చేతుల పని నాలుగు చేతులంత అయ్యేది. జామకాయల వంకన వచ్చి, వీళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతుంటే మూతి ముడుచుకునేది. ఒకసారి కుసుమ చిన్నకొడుకు పరిగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకున్నాడు. బయటున్నవాళ్ళు తగిలితే తలమీద నీళ్ళు పోసుకునేదాకా గడప తొక్కకూడదు కదా, గున్నమ్మ ఆ పసివాణ్ణి రెక్క పట్టి లాక్కెళ్ళి చలిలో రెండు చెంబులు కుమ్మరించింది. వాడి ఏడుపు చివరి క్వార్టరు దాకా వినిపించింది.

ఇలా ఏడెనిమిదేళ్ళు సాగింది. కూతురికి పెళ్ళయి ఖరగ్‌పూర్ వెళ్ళిపోయింది. కొడుకు రూర్కెలాలో చేరాడు. ఇల్లు బోసిపోయినా నెల నెలా ఆ మూడు రోజులున్నాయిలే అనుకునేది సూర్యావతి. అప్పటికి ఆమెకి నలభై ఏడు నిండాయి. ఒక దసరాకి కాస్త కనబడింది, తరవాత లేదు. మొదటి నెల ఆలస్యమనుకుంది. రెండో నెల సిగ్గుపడింది, కొంపదీసి ఈ వయసులో కడుపా అని. మూడో నెలకి తెలిసిపోయింది. తెలిశాక ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. పెళ్ళికి చెప్పేవాళ్ళున్నారు, పురుడికి చెప్పేవాళ్ళున్నారు, ఇది ఆగిపోతే ఏమవుతుందో మాత్రం ఏ ముసలమ్మా చెప్పి చావలేదు. ఆమె చూసిందల్లా గున్నమ్మనే.

ఆ పొద్దున్నే కుసుమ చాప పరుచుకుని సందులోంచి కేకేసింది, ఇంకా రాలేదేటప్పా అని. సూర్యావతి పొయ్యి ముందుంది. అన్నం ఉడుకుతోంది. ఆమె ఏమీ ఆలోచించలేదు. గరిటె కింద పెట్టి, పక్కన చుట్టి ఉన్న చాప తీసుకుని వసారాలోకి నడిచింది. వచ్చింది అంది. సత్యారావు మారుమాట లేకుండా తువ్వాలు నడుముకి చుట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళాడు. అబద్ధం అంత తేలిగ్గా చెల్లుబాటయింది.

ఆ పై నెలా అంతే, ఆ పై నెలా అంతే. ఇదే ఆఖరుసారి అని ప్రతిసారీ అనుకునేది. కుసుమ తల ఒళ్ళోకి వచ్చేసరికి ఆ మాట మరిచిపోయేది.

అయితే ఒళ్ళు ఊరుకుంటుందా? ఉన్నట్టుండి గుండెల్లోంచి సెగ లేచి చెవుల దాకా పాకేది. పుష్యమాసపు చలిలో రవిక తడిసిపోయేది. గుండె దడదడలాడేది. నిద్ర అన్నది ఆమెని వదిలేసి ఎటో పోయింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, చారులో ఉప్పు తగ్గిందని సత్యారావు అన్నందుకు గిన్నెతో సహా పెరట్లోకి విసిరేసింది. విసిరేసి, దాని పక్కనే కూలబడి ఏడ్చింది. కూరలమ్మే ఛత్తీస్‌గఢీ బాయి ఎలా ఉన్నావని అడిగినా ఏడుపొచ్చేది. ఏ పనికి వచ్చిందో గదిలోకి వచ్చాక గుర్తుండేది కాదు. ఇదంతా తన మనసేనా అని ఆమెకే అనుమానం వచ్చేది. ఒకసారి పవర్ హౌస్ బజారుకి వెళ్ళి, స్టేషన్ పక్కన ఆగి, కదిలిపోతున్న గూడ్సుబండిని చూస్తూ నిలబడింది. ఆ చక్రాల కిందికి వెళ్ళి పడుకుంటే ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది. అనిపించినందుకు వణికిపోయి, కూరలు కొనకుండానే ఇంటికొచ్చింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

పాపం సత్యారావుకి తెలిసిన వైద్యం ఒక్కటే. కొలిమి దగ్గర మనుషులకి వేడెక్కి కళ్ళు తిరిగితే ఏం చేస్తారో అదే చేశాడు. ఫర్నేసులో ఇచ్చే ఉప్పుబిళ్ళలు దాచి తెచ్చి పెళ్ళానికి పెట్టాడు. మెడ చుట్టూ తడితువ్వాలు వేశాడు. చెంబు నిండా మజ్జిగ తాగించాడు. మాకూ అక్కడ ఇలాగే అవుద్ది, కాసేపు కూకుంటే సర్దుకుంటాదని ధైర్యం చెప్పాడు. ఆ బిళ్ళలకి ఆమెకి వాంతొచ్చేది. అయినా ఆయన ముఖం చూసి మింగేది. ఆ మనిషి మంచితనమే ఆమెని మరింత కాల్చింది. ఆయన చేత నెలనెలా దొంగ ఆఫ్‌కి వంట చేయిస్తోంది కదా.

గున్నమ్మ చూసింది, చూసి తేల్చేసింది. ఒంట్లో సెగ, వణుకు, ఊరికే ఏడుపు, ఇవన్నీ పైడితల్లి పట్టిన గుర్తులేనంది. ఏదో అపచారం జరిగుంటుంది, ఊరికి పంపి, అమ్మవారు పూని పలికే గణాచారి చేత అడిగించు, లేకపోతే మనిషి దక్కదని సత్యారావుని బెదరగొట్టింది. సూర్యావతి అది విని కొయ్యబారిపోయింది. అపచారమంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. అంటు కాకుండానే అంటని చెప్పి, నెలకి మూడు రోజులు దేవుడి దగ్గర దీపం మానేసింది. తల్లికి తెలియకుండా ఉంటుందా? ఆ సెగ ఆ తల్లి పెట్టేదేననుకుంది. మానేస్తానని మొక్కుకుంది. మళ్ళీ నెల తిరిగింది, మళ్ళీ చాప తీసింది.

రెండో దసరా వెళ్ళాక సత్యారావు సెలవు పెట్టాడు. వాల్తేరు బండెక్కించి, పెళ్ళాన్ని ఊళ్ళో తన అప్ప దగ్గర దిగబెట్టి, నయమయ్యేదాకా అక్కడే ఉంచాలని నిశ్చయం. ఆ ఊళ్ళో వేపమండలతో కొట్టే వైద్యం ఎలా ఉంటుందో సూర్యావతి చిన్నప్పుడు చూసింది. అంతకన్నా భయమేమిటంటే, అక్కడ జామచెట్టు లేదు, గోడలో సందు లేదు, కుసుమ లేదు. వెళ్తే తాను మళ్ళీ మనిషిగా తిరిగి రాదని ఆమెకి ఖాయంగా తోచింది. ఉండిపోవాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే ఆ చాప చుట్టేసుకోవాలి.

కుసుమ బుర్రలో మాత్రం వేరే భయం పుట్టింది. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి తప్పకుండా నెలనెలా రావడమేమిటి, మనిషి ఇలా పాలిపోవడమేమిటి? విశాఖపట్నంలో వాళ్ళ దొడ్డమ్మకి వయసు మీరాక ఇలాగే రక్తం పోయి పోయి, అది పాడు జబ్బని తేలేసరికి మనిషి దాటిపోయింది. ఆసుపత్రికి పదమంటే సూర్యావతి ఎంతకీ కదలలేదు. అప్పుడు కుసుమ ఆ కాలంలో ఏ ఆడదీ చెయ్యని పని చేసింది. సందు దాటి వచ్చి, గుమ్మం పక్కన నిలబడి, పరాయి మగవాడితో ఆ విషయం మాట్లాడింది.

"బావా, అప్పకి అమ్మవారు కాదు. ఈ వయసులో ఇంకా అవుతోందంటే లోపలేదో ఉంది. మా దొడ్డమ్మ ఇలాగే పోయింది."

సత్యారావు తల దించుకుని విన్నాడు. కరిగిన ఇనుము కాలవలో పారుతుంటే పక్కన నిలబడే మనిషి, గోడ పట్టుకున్నాడు. రేపే తీసుకెళ్ళమ్మా, నీకు దండం పెడతానన్నాడు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు నాగపూర్ వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి, తల సగం నెరిసింది. తెలుగు రాదు. సూర్యావతి హిందీ అంతా కూరల బేరం దాకానే. అందుకని కుసుమ మధ్య కూర్చుంది. డాక్టరు అడిగినవి తెలుగులో చెబుతూ, సూర్యావతి చెప్పినవి హిందీలో చెబుతూ సాగింది. చెమటలు, దడ, నిద్ర, అన్నీ అయ్యాక డాక్టరు ఆఖరుసారి ఎప్పుడయిందని అడిగింది. కుసుమ ఆ ప్రశ్న సూర్యావతి దాకా రానివ్వనే లేదు. తెలియనిదైతే కదా అడగడానికి. పిఛలే హఫ్తే, పోయినవారమే, నా పక్కనే ఉందని తనే జవాబు చెప్పేసింది. హఫ్తా అంటే వారమని బజారు హిందీలో సూర్యావతికీ తెలుసు.

డాక్టరు ముఖం మారింది. నర్సుని పిలిచింది. కుసుమతో చాలాసేపు మాట్లాడింది. అందులో సూర్యావతికి అర్థమైనవి ఆపరేషన్ అన్న మాటా, నాగపూర్ అన్న మాటా. కుసుమ కళ్ళు నిండిపోయాయి, చేత్తో నోరు మూసుకుంది. దొడ్డమ్మ శవం ముందు కూర్చున్నట్టే ఉంది ఆ పిల్ల. అది చూడలేకపోయింది సూర్యావతి. తన మీద కత్తి పెట్టినా పడేదే, ఆ కళ్ళు మాత్రం ఆమెకి భరించరానివి అయ్యాయి.

"కుసుమా, నువ్వు సెప్పింది తప్పు."

"తప్పేటప్పా? పోయినవారమే కదా, నా పక్కనే కూచున్నావు."

"కూకున్నాను. నాకు రానేదు. కిందటేడు దసరా కాడినుంచీ నేదు."

డాక్టరు ఏమంటోందని రెండుసార్లు అడిగింది. ఆ మాటని హిందీలో పెట్టాల్సింది కుసుమే. ఆమె టేబిలు వైపు చూస్తూ, ఏడాది పైనే అయిందట, ఇప్పటిదాకా అబద్ధం చెప్పిందట అని చెప్పింది. ఆ 'అట' సూర్యావతికి వేపమండలకన్నా గట్టిగా తగిలింది.

డాక్టరు కలం కింద పెట్టి ఊపిరి పీల్చుకుంది. కోప్పడలేదు. నర్సుని వెళ్ళిపొమ్మంది. ఇది జబ్బు కాదు, దేవతా కాదు, ఆగిపోయే వయసులో ఒంట్లో జరిగే మార్పు, చాలామందికి సెగలొస్తాయి, నిద్ర పోతుంది, కొందరికి మనసు కూడా చీకటి పడుతుంది, అది వాళ్ళ తప్పు కాదని నెమ్మదిగా చెప్పింది. అలా చెబుతూనే బల్ల మీది ఫైలు తీసుకుని మెడకి విసురుకుంది. ముఝే భీ అని నవ్వింది. అది మాత్రం ఎవరూ తెలుగులో చెప్పక్కర్లేకపోయింది.

నవ్వు ఆపి ఇంకో ప్రశ్న అడిగింది. కుసుమ తటపటాయించి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. ఎప్పుడైనా చచ్చిపోవాలని అనిపించిందా అని అడుగుతున్నారప్పా. సూర్యావతి పవర్ హౌస్ దగ్గరి గూడ్సుబండి సంగతి చెప్పింది. కుసుమ దాన్ని హిందీలో చెప్పలేకపోయింది. సూర్యావతి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరుకి అర్థమయింది. నిద్రకి బిళ్ళలు రాసిచ్చి, అవి కుసుమ దగ్గరే ఉంచమంది. పదిహేను రోజులకోసారి వచ్చి కనబడమంది. ఈ మనిషిని ఏ ఊరికీ పంపొద్దు, ఒంటరిగా వదలొద్దని మరీ మరీ చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో కుసుమ ముఖం పక్కకి తిప్పుకుని కూర్చుంది. సూర్యావతికి ప్రాణం కుదురుగా లేదు. ఏడాదిపాటు ఆ పిల్లని కూడా లేని ఆఫ్‌తో నమ్మించింది, అబద్ధపు చాప మీద కూర్చోబెట్టింది, ఇంకేం మిగిలిందిలే అనుకుంది. సెక్టర్ మలుపు తిరిగాక కుసుమ నోరు విప్పింది. కోపంగానే అంది.

"నువ్వు చచ్చిపోతావని నేను రాత్రంతా పడుకోలేదు. పిలిస్తే రానా నేను? దానికింత నాటకమా?"

"పిలిస్తే వొస్తావు. పొయ్యి మీద పప్పు పెట్టి వొస్తావు, అది మాడుతాదని లగెత్తుతావు. నానూ అంతే కదా. అంటు నేని ఆడదాన్ని ఊరికే ఎవులు కూకోనిస్తార్రా తల్లీ?"

కుసుమ కొంగుతో సూర్యావతి మెడ మీది చెమట తుడిచింది.

సత్యారావు ఆ పూట డ్యూటీకి వెళ్ళలేదు. గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కుసుమ ఏమీ చెప్పకుండా తన ఇంటికి వెళ్ళిపోయింది. సూర్యావతి ఆయన్ని కూర్చోబెట్టి, ఎక్కడా దాచకుండా మొత్తం చెప్పింది, గూడ్సుబండితో సహా. అయితే సచ్చిపోవన్నమాట అన్నాడాయన. అని, మెట్టు మీద కూలబడి తువ్వాలులో ముఖం దాచుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు తీరాక, మరి నాకెందుకు సెప్పనేదని అడిగాడు. సెప్తే ఆ మూడ్రోజులు పోతాయి కదా అంది ఆమె. ఆయనకి ఆ మాట మింగుడుపడలేదు. పెట్టిన సెలవు రద్దు చేసుకున్నాడు, అమ్మవారు కాదు, ఉడిగిపోయిందంతేనని గున్నమ్మకీ చెప్పేశాడు. ఉప్పుబిళ్ళల డబ్బా తీసి చెత్తలో పడేశాడు. బజారుకి వెళ్ళాల్సొస్తే సైకిలు వెనక ఆమెని కూర్చోబెట్టుకుని తనే తీసుకెళ్ళేవాడు.

నిద్ర కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. సెగలు మాత్రం అలాగే ఉన్నాయి. నెల తిరిగింది.

ఆ పొద్దున్న కుసుమ బయట చేరింది. తన వసారాలో చాప పరుచుకుంది గానీ కేక వెయ్యలేదు. ఇంక ఎందుకు వేస్తుంది? సూర్యావతి పొయ్యి దగ్గర కూర్చుని గోడ సందులోంచి ఆమెని చూస్తూనే ఉంది. వామనగుంటల పలక పక్కన పెట్టుకుని, చింతగింజలు ఈ గుంటలోంచి ఆ గుంటలోకి ఒక్కతే పోసుకుంటోంది ఆ పిల్ల. సూర్యావతి లేచి గడప దాకా వచ్చింది. ఇప్పుడు తాను శుద్ధమైన మనిషి. ఆ చాప ముట్టకూడదు, ఆ పిల్లని ముట్టకూడదు. పెరట్లో గున్నమ్మ జామకాయలు కోసుకుంటోంది. సత్యారావుది సెకండ్ షిఫ్టు, నల్లా కింద బకెట్ పెట్టి పళ్ళు తోముకుంటున్నాడు.

సూర్యావతి గడప దాటింది. సందులోంచి అవతలికి వెళ్ళి చాప మీద కూర్చుంది. కుసుమ తల రెండు చేతులా పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

గున్నమ్మ చేతిలో కాయ జారిపోయింది. ఓలమ్మ, తెలిసి తెలిసి అంటుకుంటావేటే, ఉడిగిపోయినదానివి నీకిదేం బుద్ధని మొదలెట్టింది. కుసుమ లేవబోయింది. సూర్యావతి లేవనివ్వలేదు. సత్యారావు ముఖం కడుక్కుని వచ్చి సందు దగ్గర నిలబడ్డాడు. పెళ్ళాం వంకా, కుసుమ వంకా చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకి చుట్టుకున్నాడు.

"అంటుకుంది కదత్తా, ఇంక లోపలికెలాగొస్తాది? మూడ్రోజులూ అక్కడే ఉంటాది. వంట నాను సేస్తాను."

"మూడ్రోజులేటిరా? రెండు సెంబులు పోసుకుంటే మైల పోద్ది."

"నీళ్ళు నేవత్తా. నల్లా రానేదు."

ఆయన వెనకాల నల్లా ధారగా పడుతూనే ఉంది. బకెట్ నిండి, పొర్లి, నీళ్ళు జామచెట్టు మొదట్లోకి పారుతున్నాయి. ఆ చప్పుడు నలుగురికీ వినబడుతోంది.

గున్నమ్మ ఆ నీళ్ళ వంక చూసింది. మేనల్లుడి వంక చూసింది. ఎదురు లైన్లో తన ఇంటివైపు ఒకసారి తల తిప్పింది. అక్కడ పొయ్యి రాజేసి వచ్చింది, కోడలు కూడా ఆవేళ బయటే ఉంది. కొంగులోని జామకాయలన్నీ నేల మీద కుమ్మరించి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా సందు దాటి, చాప అంచున చతికిలపడింది. వంకర తిరిగిన వేలొకటి చాపి కుసుమ పాదానికి తాకించింది.

"నానూ అంటుకున్నానురా సత్తిబాబూ," అంది గున్నమ్మ. "నాకూ ఓ గుప్పెడు బియ్యం ఎక్కువెయ్యి."

సత్యారావు లోపలికి వెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాడు.